పాయ, లంక, తిప్ప: ప్రకృతి పదముల పలు అర్థములు



పుదుచ్చేరి పట్టణమున ఒక తెలుగు ఉద్యోగి ఉదయము ఇల్లు వదలి కార్యాలయము చేరులోపల నాలుగు భాషలతో పరిచయము పొందును. ఇంటిలో తెలుగు, అంగడిలో తమిళము, వీథుల పేరు పలకలపై ఫ్రెంచి, బల్లమీది కాగితములలో ఇంగ్లీషు. ఇది నిన్న మొన్న ఏర్పడిన స్థితి కాదు. 1956 మే 28వ తేదీన భారత, ఫ్రెంచి ప్రభుత్వముల నడుమ కుదిరిన సంధిలో, ప్రజాప్రతినిధులు వేరు నిర్ణయము చేయువరకు ఫ్రెంచి ఇచ్చట అధికార భాషగా నుండునని వ్రాసికొనిరి. 1965 నాటి అధికార భాషా చట్టము తమిళమునకు ప్రధాన స్థానమిచ్చి, యానాములో తెలుగునకును, మాహేలో మలయాళమునకును చోటు కల్పించినది. ఇన్ని భాషలున్న చోట మాటకు మాట సరిపెట్టు పని ప్రతిదినము జరుగవలసినదే.

ఉప్పు, ఇనుము, ఎనిమిది అను మాటలతో చిక్కు లేదు. చిక్కంతయు ప్రకృతిని చెప్పు మాటల వద్దనే వచ్చును. ఆకాశము, గాలి, ఏరు, చెట్టు అందరి కన్నులకును కనబడునవే. ఐనను ఒక్కొక్క జాతి వానిని ఒక్కొక్క రీతిగా పంచుకొని పేర్లు పెట్టుకొనినది. ఆ పంపకము తెలియక నిఘంటువు తెరచి మొదటి అర్థమును దింపుకొనువాడు తరచుగా పొరబడును.

మొదట ‘ప్రకృతి’ అను మాటనే తీసికొనవచ్చును. సాంఖ్యులకు అది జగత్తునకు మూలకారణము. వైద్యునికి రోగి దేహతత్త్వము. వ్యాకర్తకు ప్రత్యయము చేరుటకు ముందున్న శబ్దరూపము. తెలుగు బడిపిల్లవానికి ‘వికృతి’కి జోడు. నేటి పత్రికాపాఠకునికి కొండలు, కోనలు, పక్షులు. ఇంగ్లీషు ‘నేచర్’ ఈ అర్థములలో కొన్నిటిని మోయును, కొన్నిటిని మోయదు. ఆ మాట లాటిను ‘నతూరా’ నుండి వచ్చినది. దానికి మూలము పుట్టుటను చెప్పు ధాతువు. సంస్కృతములోని ‘జన్’ ధాతువు దానికి జ్ఞాతియే. కావున ‘నేచురల్’ అనుటకు తెలుగువారు ‘సహజము’, అనగా కూడ పుట్టినది, అని వాడుట పుట్టుక చేతను తగియున్నది.

లాటిను నుండి పుట్టిన భాషలలో ఫ్రెంచికి దూరపు సోదరి యొకటి డాన్యూబు నదీతీరమున కలదు. అది రొమేనియా దేశ భాష. ఆ భాషలో ప్రకృతికి ‘నతూర’ అను మాటతో పాటు ‘ఫిరె’ అను మరియొక మాట కలదు. ‘ఫిరె’ యనగా మనుష్యుని నైజము కూడ. అది ‘ఉండుట’ అను క్రియ నుండి పుట్టినది; ఆ క్రియయు సంస్కృత ‘భూ’ ధాతువును ఒకే మూలమునకు చెందినవి. ‘స్వభావము’ అను మాట ఆ ‘భూ’ ధాతువు నుండియే కదా వచ్చినది. సహజము పుట్టుకను చెప్పును. స్వభావము ఉనికిని చెప్పును. గోదావరి ఒడ్డునను, డాన్యూబు ఒడ్డునను మనుష్యులు ప్రకృతిని ఈ రెండు విధములుగనే తలచిరి.

ఆకాశము వైపు చూచినను ఇట్టి పోలికలే కనబడును. తెలుగున ‘నెల’ యనిన చంద్రుడు, ముప్పది దినములు కూడ. తమిళమున ‘తింగళ్’ చంద్రుడును, మాసమును, సోమవారమును. రొమేనియను ‘లూన’ చంద్రుడును, మాసమును. ఇంగ్లీషు, ఫ్రెంచి భాషలలో ఈ రెంటికి వేరు వేరు మాటలున్నవి. ‘పొద్దు’ సూర్యుడు, కాలము కూడ; తమిళ ‘పొళుదు’ అంతే. ఫ్రెంచి ‘తాం’ కాలమును చెప్పును, ఎండవానల స్థితిని కూడ చెప్పును. పొద్దుతిరుగుడు పువ్వును ఫ్రెంచివారు ‘తూర్నెసోల్’ అందురు. అందును సూర్యుని వైపు తిరుగుటయే కలదు. ఇంగ్లీషువారికిని, రొమేనియనులకును అది కేవలము సూర్యుని పువ్వు.

అవసరము ఎచ్చట నున్నదో అచ్చట మాటలు పెరుగును. ‘మంచు’ అను ఒక్క మాటలో తెలుగువాడు గడ్డిపై బిందువును, తెల్లవారుజామున కన్ను కప్పు తెరను, హిమాలయముల తెల్లదనమును ఇముడ్చుకొనును. చలిదేశముల వారికి అట్లు కుదరదు. వారు ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు పెట్టుకొనిరి. కాని పిందె, కాయ, దోరకాయ, పండు అను మెట్లన్నిటిని ఇంగ్లీషువాడు ‘ఫ్రూట్’ అను ఒక్క మాటతో సరిపుచ్చి, పైన ఏదో విశేషణము తగిలించుకొనవలెను. ‘ముసురు’ అను మాటలో మబ్బు, ఎడతెగని చినుకు, రెండు మూడు దినముల నిరుత్సాహము ఇమిడియున్నవి. దానిని ఒక్క ఇంగ్లీషు మాటలో దింపుట కష్టము.

దూరపు భాష కంటె దగ్గరి భాషయే హెచ్చు మోసము చేయును. తెలుగు ‘వాన’ను విన్న తమిళ సోదరుడు ‘వానం’ అని తలచి ఆకాశము వైపు చూచును. ఒకే ధాతువు ఇచ్చట నేలకు దిగినది, అచ్చట పైననే నిలిచినది. నేటి తెలుగు వ్రాతలో ‘ఏరు’ నదియు అగును, నాగలియు అగును. పూర్వులు బండి ‘ఱ’ తో నదిని, మామూలు ‘ర’ తో నాగలిని వేరుచేసి వ్రాసిరి. ఆ భేదమును తమిళము నేటికిని కాపాడుకొనుచున్నది: నదికి ‘ఆఱు’, నాగలికి ‘ఏర్’. ఏరువాక యనిన ఏటికి పోవుట కాదు, దుక్కికి పోవుట యని తెలియుటకు పొరుగుభాష సాక్ష్యము పనికివచ్చును.

ఈ చర్చ కేవలము పండితుల కాలక్షేపము కాదు. జిప్మెరు ఆసుపత్రికి పొరుగు జిల్లాల నుండి తెలుగు రోగులు వత్తురు. “కంటిలో పువ్వు వేసినది” అని ఒక వృద్ధురాలు చెప్పినచో, ఇంగ్లీషులో పువ్వును మాత్రమే తెలిసిన పరదేశపు వైద్య విద్యార్థికి ఆ మాట అర్థము కాదు. నల్లగ్రుడ్డుపై ఏర్పడిన తెల్లని మచ్చ యని ఆమె భావము. ప్రక్కనున్న తమిళ నర్సునకు మాత్రము వెంటనే తెలియును. తమిళులును కంటిలో ‘పూ’ పడినదనియే అందురు. “గాలి సోకినది” అనుటలోని గాలి కిటికీలో నుండి వచ్చునది కాదు. ‘గాలి కబురు’లోని గాలి మరియొకటి. రోగి మాటను మాటకు మాటగా దింపినచో రోగము తప్పిపోవును.

పాలనకు సంబంధించినంత వరకు అసలు పరీక్ష యానాములో నున్నది. యానాము పుదుచ్చేరికి ఎనిమిదివందల కిలోమీటర్లకు పైగా దూరమున, గౌతమీ గోదావరి ఒడ్డున నున్నది. 1954 జూన్ 13న ఫ్రెంచి పాలన నుండి విడివడి, 1962 ఆగస్టు 16న చట్టరీత్యా భారతదేశమున చేరినది. అచ్చటి పల్లెల పేర్లే ఒక చిన్న ప్రకృతి నిఘంటువు: ఇసుకతిప్ప, దరియాలతిప్ప, అడవిపొలం, మెట్టకూరు.

ధవళేశ్వరము దాటిన పిదప గోదావరి ‘పాయలు’గా చీలును. తెలుగువాడు ఆ నదిని స్త్రీ జడగా చూచెను. విడిన ప్రతి ప్రవాహము ఒక పాయ. ఇంగ్లీషువాడు చెట్టుగా చూచి ‘బ్రాంచ్’ అనెను. ఫ్రెంచివాడు శరీరముగా చూచి ‘బ్రా’, అనగా చేయి, అనెను. డాన్యూబు సముద్రమున కలియుచోట రొమేనియనులు కూడ ‘బ్రత్స్’, అనగా చేయి, అనియే అందురు. నది నడుమ తేలిన సాగుభూమి తెలుగున ‘లంక’. రొమేనియను భాషలో సముద్రద్వీపము ‘ఇన్సుల’, నదిలోని ద్వీపము ‘ఒస్ట్రోవ్’. లంకకు సరియైన జోడు ఈ రెండవది. వరద నీటికి పైన ఎత్తుగా నిలుచు ఇసుక మేటకు ఆ డెల్టాలో ‘గ్రిండ్’ అని పేరు. తిప్పకు అది ఇంచుమించు సరిపోవును. ఇంగ్లీషు రెవిన్యూ అధికారులు లంకకు తగిన మాట దొరకక ‘లంక భూములు’ అను పేరును తమ కాగితములలో అట్లే నిలుపుకొనిరి. అది వారి వివేకము.

ఈ భేదము వలన ఏమి నష్టమని అడుగవచ్చును. 1804 నాటి ఫ్రెంచి సివిల్ కోడు 1819లో ఫ్రెంచి ఇండియా స్థావరములకు వర్తింపజేయబడినది. దాని 556వ అధికరణము ప్రకారము, నది కొంచెము కొంచెముగా, కంటికి తెలియకుండ ఒడ్డునకు చేర్చిన మేట ఆ ఒడ్డు రైతుదే. 560వ అధికరణము ప్రకారము, నావలు నడచు నది గర్భమున లేచిన ద్వీపము ప్రభుత్వముది. ఇప్పుడు ఒక రైతు అర్జీలో “నా తిప్ప” అని వ్రాసెననుకొనుడు. తెలుగున ఒడ్డునంటిన మేటయు తిప్పయే, నీటి నడుమ లేచినదియు తిప్పయే. అనువాదకుడు దానిని ‘ద్వీపము’ అని వ్రాసినచో రైతు తన అర్జీతోనే తన భూమిని వదలుకొనినట్లగును. ‘మేట’ అని వ్రాసినచో హక్కు నిలుచును. తీర్పు చెప్పువారు ఇంకను కాగితము చూడకమునుపే అనువాదకుని కలము సగము తీర్పు చెప్పివేయును. కోడు మారవచ్చును, చట్టములు మారవచ్చును. నది మేటలు వేయుట మానదు, అర్జీలు వచ్చుట మానదు.

కావున అనువాద కార్యమున మూడు నియమములు పాటించుట మేలు. మొదటిది, ప్రకృతి పదము ఎదురైనపుడు నిఘంటువు కంటె ముందు ఆ స్థలమును విచారింపవలెను: నీటికి ఎంత దూరము, ఒడ్డునకు అంటియున్నదా, వరదలో మునుగునా? రెండవది, సరియైన మాట లేనిచోట లంక, తిప్ప, మెట్ట అను మాటలను అట్లే యుంచి, ప్రక్కన ఒక వాక్యములో వివరింపవలెను. మూడవది, ఒకే దస్త్రములో ఒకే మాటకు ఆరంభము నుండి చివర వరకు ఒకే సమానార్థకమును వాడవలెను.

సి. పి. బ్రౌన్ 1852లో తన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించెను. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము 1885లో వచ్చినది. ఆ మహనీయులు చేసిన పని యావద్భాషకు సంబంధించినది. యానాము పల్లెలలో రైతులు, పల్లెకారులు వాడు నీటి మాటలు, నేల మాటలు, గాలి మాటలు సేకరించి, వానికెదురుగా తమిళము, ఇంగ్లీషు, ఫ్రెంచి వివరణములు వ్రాసిన ఒక చిన్న పుస్తకము మాత్రము ఈ పట్టణమందలి తెలుగు ఉద్యోగుల చేతిలోని పని. యానాములో పనిచేసి వచ్చినవారు, ఆసుపత్రిలోనివారు, రెవిన్యూ దస్త్రములు తెలిసినవారు ఈ సంఘమునందే కలరు. ఒక్కొక్కరు ఇరువది మాటలు తెచ్చినను వచ్చు సంచికనాటికి అనుబంధము సిద్ధము కాగలదు. తిప్ప యనగా ఏమో తెలిసినవారు తిప్ప ఒడ్డున ఇంకను ఉన్నారు. వారినడిగి వ్రాసికొనుటకు ఇదియే తగిన సమయము.