తాళం ఎవరి జేబులో ఉంది?
(భిలాయిలో జరిగిన సిబ్బంది కుటుంబాల సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఊళ్లో తెలుగువాళ్లం చాలామందిమి ఉక్కు పిలుపు విని వచ్చినవాళ్ల పిల్లలమే. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు ఇక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ తర్వాత పదమూడేళ్లకు మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక రేకు పెట్టెతో దిగారు. మా నాయనమ్మకు అదే పరదేశం. ఇప్పుడు మా తమ్ముడికి దుబాయ్.

తమ్ముడు ఏడాదికోసారి సెలవు మీద వస్తాడు. అందరం విశాఖపట్నంలో మా చెల్లెలి ఇంట్లో కలుస్తాం. కిందటిసారి కూడా అలాగే కలిశాం. డాల్ఫిన్ నోస్ పక్కనుంచి హార్బరులోకి వచ్చే ఓడలను పిల్లలకు చూపించాం. 1933లో తెరుచుకున్న ఆ హార్బరుకు మన రాయపూర్ వైపు నుంచి రైలు మార్గం వేసింది ఈ మధ్య పరగణాల సరుకు సముద్రానికి చేర్చడానికేనని నాన్న చెప్పారు. ‘‘సరుకు వెళ్లిన దారినే మనుషులూ వెళ్తున్నారు’’ అని నవ్వారు.

పది రోజులు ఇట్టే గడిచాయి. తమ్ముడు హైదరాబాదు మీదుగా దుబాయ్ బయలుదేరాడు. నేనూ నాన్నా వందే భారత్‌లో దుర్గ్ వచ్చేశాం. వెళ్లేముందు వాడు నా చెవిలో ఒక మాట వేశాడు: ‘‘నాన్న వైద్యానికని నాలుగు లక్షలు ఇక్కడి నా అకౌంట్లో పెట్టాను అన్నయ్యా, బెంగ లేదు.’’

ఆ రాత్రే నాన్నకు గుండెనొప్పి వచ్చింది. ఆసుపత్రిలో ముందు డబ్బు కట్టమన్నారు. తమ్ముడు విమానంలో ఉన్నాడు, ఫోను పలకదు. ఓటీపీ వాడి ఫోనుకే వస్తుంది. అకౌంట్లో ఇంకొకరి పేరు లేదు, పవర్ ఆఫ్ అటార్నీ లేదు. అది వాడు చదువుకునే రోజుల్లో తెరిచిన మామూలు సేవింగ్స్ ఖాతా. విదేశానికి ఉద్యోగానికి వెళ్లినప్పుడే ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్చాలి. కౌంటరు దగ్గర ఎందరికో ఈ మాట చెప్పిన నేను సొంత ఇంట్లో చెప్పలేదు.

నా డిపాజిట్ మీద ఆన్‌లైన్‌లో అప్పు తీసుకుని కట్టాను. దేవుడి దయ వల్ల నాన్న కోలుకున్నారు.

మర్నాడు తమ్ముడు ఫోను చేసి ఏడ్చాడు: ‘‘డబ్బు పెట్టే వచ్చాను కదా అన్నయ్యా!’’

‘‘పెట్టావురా, తాళం మాత్రం నీ జేబులో పట్టుకెళ్లావు’’ అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడతాను. తప్పులో సగం నాది.

నాన్న మంచం మీద నుంచే మా ఇద్దరికీ చెప్పారు: ‘‘నేను ఊరు వదిలేటప్పుడు మనియార్డరు ఎవరు తెస్తారో, వేలిముద్ర ఎక్కడ వెయ్యాలో మా అమ్మకు చూపించి వచ్చాను. ఆవిడకు చదువు రాదు. మీకు వచ్చు కదా!’’

ఆ తర్వాత ఖాతాను ఎన్.ఆర్.ఓ.గా మార్పించాం. తమ్ముడు దుబాయ్‌లోని భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపాడు. దాన్ని ఇక్కడ స్టాంపు వేయించి బ్రాంచిలో నమోదు చేయించాం. ఇప్పుడు ఇక్కడి ఖర్చులకు నేను ఆ ఖాతా నుంచి చెల్లించగలను. నామినీ పేరు కూడా సరిచూశాం. నామినీ ఖాతాదారు తదనంతరమే అక్కరకు వస్తాడు, బతికున్నప్పుడు డబ్బు తియ్యలేడు. చాలా ఇళ్లలో ఈ తేడా తెలియదు.

మీ పిల్లలు అమెరికాలో ఉన్నా, గల్ఫ్‌లో ఉన్నా, ఈసారి సెలవుకు వచ్చినప్పుడు ఆవకాయ జాడీ కట్టే ముందు ఒక గంట కూర్చోబెట్టండి. ఏ ఖాతా ఎక్కడుంది, ఎవరు నడపగలరు, ఏ కాగితం ఏ బీరువాలో ఉంది, అన్నీ మాట్లాడుకోండి. వెళ్లేవాళ్ల ముందు డబ్బు మాట ఎత్తడం మనకు మొహమాటం. ఆసుపత్రి మెట్ల మీద ఆ మొహమాటం పనికిరాదు.

ఈ సంవత్సరం తమ్ముణ్ణి సాగనంపేటప్పుడు నాన్న ఒక్కటే అడిగారు: ‘‘తాళం ఇచ్చావా?’’ వాడు నవ్వుతూ నా వైపు చూపించాడు.