ఆమ్లము – జీర్ణరసము
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుడు చేసిన ఉపన్యాసము)



"రాగిముద్దను నమలవలెనా, మ్రింగవలెనా?" అని మా ఎనిమిదవ తరగతి బాలుడొకడు ప్రశ్నించెను. మన కైవారము ప్రాంతమున మ్రింగుటయే వాడుక గదా!

రెండు గాజుగొట్టములలో పలుచని గంజి పోసితిమి. ఒకదానిలో హైడ్రోక్లోరికామ్లపు చుక్కలు వేసి, రెంటను లాలాజలము కలిపితిమి. కొంతసేపటికి అయొడిన్ వేయగా ఆమ్లమున్న గంజి నీలమయ్యెను, లేనిది కాలేదు. అందలి పిండి చక్కెరగా మారిపోయినది. లాలాజలములోని ఎంజైమును ఆమ్లము చెరచుననుటకు ఇదియే నిదర్శనము.

మన జఠరమునందున్నదియు ఈ ఆమ్లమే. కాని 1836లో ష్వాన్ పండితుడు కనుగొనిన పెప్సిన్ అను ఎంజైము ఆ ఆమ్లమందే పనిచేసి, పప్పులోని మాంసకృత్తులను విడగొట్టును. ఒకదానికి చేటైనది వేరొకదానికి బలము. ముద్దలోని పిండి పిమ్మట చిన్నప్రేవులలో జీర్ణమగును గనుక భయము వలదు. అయినను పిల్లలకు అన్నము, రొట్టె నమలుట నేర్పుడు. కడుపునొప్పి యనినంతనే వైద్యుని అడుగక సోడాపొడి ఈయకుడు.

మరియొక మాట. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలోని రాగిని చింతపులుసు కరగించును. పులుసు, మజ్జిగ అందు నిలువ ఉంచకుడు. పిల్లవాడు "ఏల?" అని అడిగినచో గద్దింపక తెలుగులోనే చెప్పుడు, తెలియనిచో మాకడకు పంపుడు.