మందులపెట్టెలో మిగిలినవి



ఈ బెంగళూరులో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారమూ, ఉపాధి కోసం ఇటీవల వచ్చినవారమూ ఇక్కడ కూడి ఉన్నాము. రోగి కోలుకున్న తరువాతనో, ఇంటి పెద్దలు గతించిన తరువాతనో మిగిలిపోయే మందులు, సూదులు, పరికరాల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

వాకరు, చక్రాల కుర్చీ, విప్పని కట్టుగుడ్డలు వంటివాటిని శుభ్రపరచి, ముందుగా అడిగి, ధర్మాసుపత్రికో వృద్ధాశ్రమానికో ఇవ్వవచ్చు. మందుల సంగతి వేరు. గడువు తీరకపోయినా, వేడికి, తేమకు మాత్రల గుణం తగ్గవచ్చు. విప్పని ఇన్సులిన్‌ను 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచవలసి ఉంటుంది. అది తప్పితే నమ్మదగదు. ఒకరికి వ్రాసిన యాంటీబయాటిక్‌ను మరొకరికి ఇవ్వరాదు. తరువాతి జ్వరానికని దాచుకోనూ రాదు. అటువంటి వాడకం వల్ల కూడా మందులకు లొంగని క్రిములు ప్రబలుతాయి.

మిగిలిన మందులను కాలువలో పోయకండి. మురుగునీటి శుద్ధి కేంద్రాలు మందుల అవశేషాలను పూర్తిగా తొలగించలేవు. అవి చెరువులకు చేరుతాయి. గడువు తీరిన మందులను, వాడిన సూదులను, పగిలిన పాదరసపు థర్మామీటర్లను ఇంటిలోని హానికర వ్యర్థాలుగా 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు పేర్కొన్నాయి. వీటిని తడిచెత్తలోగాని పొడిచెత్తలోగాని కలపక, విడిగా కట్టి అప్పగించాలి. మార్ఫిన్, క్యాన్సర్ మందుల వంటివి మిగిలితే, ఇచ్చిన ఆసుపత్రినే సంప్రదించండి.

సూది విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వాడిన వెంటనే దళసరి ప్లాస్టిక్ సీసాలో వేయండి. ముప్పాతిక నిండగానే మూత బిగించి, టేపు చుట్టి, “సూదులు” అని కన్నడంలోనూ తెలుగులోనూ వ్రాసి, చేతికి ఇస్తూ నోటితో కూడా చెప్పండి. చెత్తలో దాగిన సూది గుచ్చుకుంటే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ సోకే ప్రమాదం ఉంది. ఆ పూట పని మాని పరీక్షలకు తిరగడమంటే కూలి పోవడమే; ఫలితం తేలేవరకు ఆ ఇంట నిద్ర ఉండదు.

ఈ నగరంలో తెల్లవారకముందే వీధులు ఊడ్చే పౌరకార్మికులలో ఎందరో తెలుగు మాట్లాడేవారు. వారి పూర్వులూ మనవలెనే పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు. మన గుమ్మం ముందు చెత్త అందుకునే చేతికి గాయం కాకుండా చూడడం మన బాధ్యత. ఈ ఆదివారం మీ మందులపెట్టెను ఒకసారి తెరిచి చూడవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.