బహుపదుల భాగహారము – ఒక సులభ మార్గము



బీజగణితము బడిపిల్లల విద్యయే గాని తమకు సంబంధించినది కాదని పెద్దలు పలువురు తలంతురు. కాని ధాన్యమును, భూమిని కొలిచి లెక్క వ్రాయు గృహస్థునకు దాని మూలసూత్రము చిరపరిచితమే. ఆ సూత్రము అంకెల స్థానవిలువ.

డొంకరాయి యొద్ద సీలేరు నీటిని ఆనకట్టతో నిలిపి, కాలువ మార్గమున దిగువ సీలేరు విద్యుత్కేంద్రమునకు పంపుచున్నారు. జలాశయమున మట్టము పెరిగినకొలది నీరెంత నిలుచునో గణించుట వంటి పనులకు బహుపదులు ఉపకరించును. తెలియని యొక కొలతయు, దాని వర్గమును, ఘనమును, విడి సంఖ్యయు కలిసిన రాశియే బహుపది.

ఒక కఱ్ఱ కలదనుకొందము. పాతర లోతు ఆ కఱ్ఱకంటె 1 జేన, వెడల్పు 2 జేనలు, పొడవు 3 జేనలు అధికము. అప్పుడు పాతర పరిమాణము కఱ్ఱకొలత ఘనము 1, వర్గములు 6, కొలతలు 11, విడిగా 6 అగును. దీనిని లోతుచే భాగించిన అడుగు వైశాల్యము తేలును.

ఇందులకు 1, 6, 11, 6 అని గుణకములను మాత్రమే వరుసగా వ్రాయవలెను. లోతులో అధికమైన 1ని ఋణముగా మార్చి ప్రక్కన నుంచవలెను. మొదటి 1ని క్రిందికి దింపి, ఋణము 1చే గుణించి 6తో కలిపిన 5. దానిని అట్లే గుణించి 11తో కలిపిన 6. మరల గుణించి చివరి 6తో కలిపిన శేషము సున్న. లబ్ధము వర్గము 1, కొలతలు 5, విడిగా 6. కఱ్ఱ 10 జేనలైనచో పాతర 1716, లోతు 11, భాగించిన 156 వచ్చును. అదియే నూఱు, అయిదు పదులు, ఆఱు! తెలియని కొలత పది స్థానమున నిలిచినదే గాని వేఱు మాయ లేదు.

దీనిని సంశ్లేషణ భాగహార మందురు. చీనా దేశమున 1247లో చిన్ జియూషావ్ ఈ జాతి గణనమును వ్రాసెను. తరువాత ఇటలీలో రుఫీనియు, ఇంగ్లండున 1819లో హార్నరును దీనిని ప్రకటించిరి. గణితము మన భాషకు క్రొత్త కాదు. మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను.

అయినను ఈ మార్గమున నొక ప్రమాదము కలదు. ఘనము 1, విడిగా 8 ఉన్న రాశిని కొలతకు 2 కూడిన రాశిచే భాగింపవలెనన్న 1, 0, 0, 8 అని వ్రాయవలెను. అప్పుడు ఋణము 2చే గణింపగా 1, ఋణము 2, 4, శేషము సున్న వచ్చును. లేని పదములని సున్నలు విడిచినచో లెక్క చెడును. దస్తావేజున 1008 రూపాయలు 18 అయినట్లే! భాజకము కొలతకు ఒక సంఖ్య కూడినదో తగ్గినదో అయినప్పుడే ఈ పద్ధతి నేరుగా చెల్లుననియు మఱవరాదు.

కావున మీ యింటి పిల్లవాడు ఈ లెక్క చూపినప్పుడు రెండు ప్రశ్నలు అడుగుడు: ఖాళీ స్థానములందు సున్నలు నిలిపితివా? లబ్ధమును భాజకముచే గుణించి, శేషమును కలిపి సరిచూచితివా? ఆ రెండును అడుగగల పెద్ద, బీజగణితము చదువకున్నను, ఆ బాలునకు మంచి గురువే యగును.