తనిఖీ నుంచి చేయూతకు



ఉపాధ్యాయులు శిక్షణకు వెళ్లి వస్తారు. అక్కడ నేర్చుకున్నది తరగతి గదిలోకి చేరిందా లేదా అన్నది శిక్షణ కేంద్రంలో తెలియదు, మీ పాఠశాలలోనే తెలుస్తుంది. కాబట్టి ఈ ప్రసంగం ముఖ్యంగా ప్రధానోపాధ్యాయులకు, పర్యవేక్షణ బాధ్యత వహించేవారికి ఉద్దేశించినది.

పర్యవేక్షణ అనగానే మనకు తనిఖీ గుర్తుకు వస్తుంది. హాజరు పట్టీ, పాఠ్యపథకం, సిలబస్ ఎంతవరకు పూర్తయింది అన్నవి చూస్తాం. ఇవి అవసరమే. కాని వీటివల్ల బోధన మెరుగుపడదు.

ఒక ఉదాహరణ చూద్దాం. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 పాఠశాలల్లో ప్రయోగాల ద్వారా విజ్ఞానశాస్త్రం నేర్పే కార్యక్రమం మొదలైంది. 1978లో అది జిల్లా అంతటికీ విస్తరించింది. వేసవి శిక్షణతో పని ముగిసిందని అక్కడ ఎవరూ అనుకోలేదు. ఉపాధ్యాయులు నెలకొకసారి కలుసుకొని తమ ఇబ్బందులు చర్చించుకునేవారు. తోడ్పడేవారు పాఠశాలలకే వెళ్లి తరగతులు చూసేవారు. 2002లో ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపివేసినా, శిక్షణ తరువాత అందే తోడ్పాటు ఎలా ఉండాలో అది చూపింది.

మరి మీరు తరగతిలో ఏమి చూడాలి? ఒకసారికి ఒక్క అంశం చాలు. అదేమిటో ముందుగా ఉపాధ్యాయురాలితో కలిసి నిర్ణయించుకోండి. ఉదాహరణకు, ప్రశ్న అడిగాక ఆమె ఎంతసేపు ఆగుతున్నారు? మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో గమనించినది ఇది: ఉపాధ్యాయులు సాధారణంగా ఒక సెకను మాత్రమే ఆగుతారు. మూడు సెకన్లు లేదా అంతకుమించి ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయి, ఎక్కువమంది మాట్లాడతారు.

"ఇనుప మేకు మునిగింది, కొయ్యముక్క తేలింది. ఎందుకు?" అని అడిగి వెంటనే జవాబు కూడా మనమే చెప్పేస్తే పాఠం సాగినట్లే కనిపిస్తుంది. కొంచెం ఆగితే ఒక పిల్లవాడు "బరువైనది మునుగుతుంది" అంటాడు. మేకుకన్నా ఎన్నో రెట్లు బరువైన దుంగ చెరువులో తేలడం వాడు చూసే ఉంటాడు. అసలు పాఠం అక్కడ మొదలవుతుంది.

తరగతి అయ్యాక మీ అభిప్రాయం ముందుగా చెప్పకండి. "ఈ పాఠం ఎలా జరిగిందనుకుంటున్నారు?" అని అడగండి. తరువాత మీరు రాసుకున్న సెకన్ల లెక్క చూపించండి. ఆ లెక్కను ఉద్యోగ నివేదికలో చేర్చకండి. చేర్చిన మరుక్షణం ఉపాధ్యాయులు తమ కష్టాలను దాచుకోవడం మొదలుపెడతారు. దాచిన కష్టానికి సాయం చేయడం ఎవరివల్లా కాదు.

జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం ప్రతి ఉపాధ్యాయుడు, ఉపాధ్యాయురాలు ఏటా కనీసం 50 గంటల వృత్తిపర అభివృద్ధి కార్యక్రమాల్లో పాల్గొనాలి. గంటలు లెక్కపెట్టడం తేలిక. వాటి ఫలితం పిల్లలకు చేరేలా చూడటం మీ పని.

ఈ వారం మీరు చేయవలసినది: ఒక తరగతిలో వెనుక బల్లపై కూర్చోండి. ఒక్క అంశాన్నే గమనించండి. పదిహేను రోజుల తరువాత అదే తరగతికి మళ్లీ వెళ్లండి.