పలనాటి పనివారి పాదరక్షలు



కాడియెద్దులను కొనబోవునపుడు మనము ముందుగా చూచువానిలో గిట్టలొకటి. గిట్ట చెడిన యెద్దు ఎంత మేలుజాతిదైనను దుక్కికి పనికిరాదు. ఎద్దునకు నాడాలు కొట్టించుటకు వెనుదీయని రైతు, తన పాదముల విషయమునను, తన పొలమున పనిచేయు కూలివాని పాదముల విషయమునను అంత శ్రద్ధ వహించుట అరుదు. నేడు నేను మనవి చేయదలచినది ఆ పాదములను గూర్చియే. ఏ పనికి ఎట్టి జోడు తగును? అది కాలికి హాయిగా నుండుట యెట్లు? చిరకాలము మన్నుట యెట్లు? దానికి వెల యియ్యవలసినవా రెవ్వరు? ఈ నాలుగు విషయములను క్రమముగా చెప్పెదను.

పలనాడు రాతిసీమ. 2022 ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట ముఖ్యపట్టణముగా ప్రత్యేకజిల్లా యైన యీ ప్రాంతమున మాచర్ల, గురజాల, దాచేపల్లి, పిడుగురాళ్ల నేలలక్రింద సున్నపురాయి పఱచుకొని యున్నది. అందుచేత క్వారీలు, సున్నపు బట్టీలు, సిమెంటు కర్మాగారములు వెలసినవి. మాచర్లకు సమీపముననే 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు పునాదిరాయి పడినది. వేలాది స్త్రీపురుషులు రాళ్లు మోసి ఆ కట్టడమును లేపిరి. 1967లో కాలువలకు నీరు వదలబడిన పిమ్మట మెట్టచేలలో కొంతభాగము మాగాణి యైనది. కావున మనవారి పాదములకు రాయి, సున్నము, ముల్లు, బురద, పాము అను అయిదు శత్రువులు కలవు. అయిదింటికిని ఒక్క జోడు చాలదు.

మొదట రాతిపని. నాపరాతిపలక చేయిజాఱి పడినను, సమ్మెట గుఱి తప్పినను ముందుగా నలుగునవి కాలివ్రేళ్లు. మన కిఱ్ఱు చెప్పులు బాటనడకకు మంచివే కాని వ్రేళ్లను కప్పవు. క్వారీలో దిగువానికి ముక్కున ఉక్కు తొడుగు గల తోలుబూటు కావలెను. ఇట్టి బూట్లకు భారత ప్రమాణముల సంస్థవారు ఐ.ఎస్. 15298 అను ప్రమాణమును ఏర్పఱచిరి. అందు రెండవభాగము ప్రకారము చేసిన బూటు 200 జౌళ్ల దెబ్బకు తాళవలెను. అనగా 20 కిలోల యినుపముద్ద సుమారు ఒక మీటరు ఎత్తునుండి ముక్కుపై పడినను వ్రేళ్లు నలుగరాదు. మూడవభాగమున చెప్పిన బూటునకు 100 జౌళ్లే కొలత. నాలుగవభాగమునకు చెందిన బూటునకు ముక్కున తొడుగే యుండనక్కఱలేదు. అంగడివాడు మూడింటిని ‘సేఫ్టీ బూటు’ అనియే అమ్మవచ్చును. కాబట్టి రాతిపనికి కొనువారు రెండవభాగమని యున్నదా లేదా చూడవలెను. ఐ.ఎస్.ఐ. ముద్ర క్రింద ‘సిఎం/ఎల్’ అను అక్షరములతో అనుమతిసంఖ్య యుండును. చదువుకొన్న కుఱ్ఱవాని చేతి ఫోనులో ‘బి.ఐ.ఎస్. కేర్’ అను సాధనమున ఆ సంఖ్యను పరీక్షింపవచ్చును.

రెండవది సున్నపుపని. కాల్చిన సున్నమునకు నీరు తగిలిన ఎట్లు పొంగి కాగునో మన స్త్రీలందఱు ఎఱుగుదురు. చెమట పట్టిన పాదముపై అది పడినప్పుడును అదియే జరుగును. తడిసిమెంటులోని క్షారమును చర్మమును మెల్లగా తినును. తొలుత నొప్పి తెలియకపోవుట దాని మోసము. క్షారము తోలును గూడ చెఱచును. కనుక సున్నము, తడిసిమెంటు కలుపుచోట తోలుబూటు కంటె మోకాటి దిగువవఱకు వచ్చు రబ్బరు బూటు మేలు. పంట్లాము అంచును బూటులోనికి దోపరాదు, బూటుపైకి వ్రేలాడనీయవలెను. లేనిచో జాఱిన సున్నమంతయు బూటులోనే నిలుచును. పొడిసున్నము పడినచో మొదట దులిపి, పిమ్మట ధారాళముగా నీటితో చాలసేపు కడుగవలెను.

మూడవది పొలముపని. వట్టికాళ్లతో నేలను త్రొక్కువారికి మూడు ఆపదలు. త్రుప్పుపట్టిన మేకుగాని, తుమ్మముల్లుగాని చేసిన చిన్నగాయమున ధనుర్వాతము ప్రవేశింపవచ్చును. మలముతో చెడిన తడినేలలోని కొంకిపురుగు పిల్లలు అరికాలిచర్మమును తొలుచుకొని లోనికిపోయి, ప్రేవులలో పెరిగి, నెత్తురు త్రాగి మనిషిని పాలిపోజేయును. మూడవది పాము. 2000 మొదలు 2019 వఱకు మనదేశమున పాముకాటుచే సుమారు 12 లక్షలమంది, అనగా ఏటేట సుమారు 58 వేలమంది, మరణించిరని పండితులు లెక్కగట్టిరి. ఆ మరణములు హెచ్చుగా నున్న రాష్ట్రములలో మన ఆంధ్రప్రదేశ మొకటి. వానిలో సగము జూన్ మొదలు సెప్టెంబరు వఱకు, సరిగా మన పొలముపనులు ముమ్మరముగా సాగు నెలలలోనే, జరిగినవి. రక్తపింజర గడ్డిలో కదలక పడియుండి, కాలు మీదపడినప్పుడు కఱచును. చీలమండను దాటి పిక్కను కప్పు బూటు తొడిగినవానికి పూర్తి అభయ మున్నదని నేను చెప్పజాలను. కాని కోఱ చర్మమునకు తగులు అవకాశము మిక్కిలి తగ్గును. ఒకవేళ కఱచినచో కట్లు బిగింపక, కోయక, నాటుమందులతో కాలము పుచ్చక, కాలు కదలనీయకుండ నేరుగా ఆసుపత్రికి చేర్పవలెను.

ఇక హాయిని గూర్చి. ‘ఈ బూటు తొడిగి నడువలేమండీ’ అని కూలివారు వానిని గట్టున పెట్టి వట్టికాళ్లతో పనిచేయుట నేను చూచితిని. తప్పు వారిది కాదు, కొలతది. చిన్ననాటినుండి వట్టికాళ్లతో తిరిగినవాని పాదము ముందుభాగమున వెడల్పుగా నుండును. తోలు కొంత సాగును గాని ఉక్కుతొడుగు సాగదు. కాబట్టి కొలత పొడవులోనేగాక వెడల్పులోను చూడవలెను. పాదము దినమెల్ల పనిచేసి సాయంకాలమునకు కొంత ఉబ్బును. అందుచేత బూటును సాయంకాలమే కొనుట మంచిది. రెండుకాళ్లు సమానముగా నుండవు. పెద్దకాలి కొలతనే తీసికొనవలెను. పనిలో తొడుగు మేజోళ్లతోనే తొడిగి చూడవలెను. త్రాళ్లు విప్పి పాదమును ముందునకు జరిపినపుడు మడమవెనుక ఒక వ్రేలు పట్టవలెను. త్రాళ్లు బిగించి నడచినపుడు మడమ లేవరాదు, వ్రేళ్లు ఉక్కునకు తాకరాదు. పల్లమునకు దిగినట్లు నాలుగుమెట్లు దిగి చూచిన ఈ దోషము వెంటనే బయటపడును.

స్త్రీల కొఱకు స్త్రీల కొలతలే తెప్పింపవలెను. మగవాని బూటులో గుడ్డలు క్రుక్కి యిచ్చినచో అది రక్షగాక, తట్ట నెత్తిన పెట్టుకొని నడచు ఆడుదానిని పడద్రోయు సాధన మగును. మధుమేహముగాని కుష్ఠముగాని సోకి పాదమున స్పర్శ తగ్గినవారికి రాయి గ్రుచ్చుకొన్నను తెలియదు. అట్టివారు తొడుగుటకు ముందు బూటులో చేయిపెట్టి తడుమవలెను, సాయంకాలము అరికాలు చూచుకొనవలెను. వారికి ఎట్టి జోడు తగునో వైద్యుని అడిగి నిర్ణయించుకొనుట మంచిది.

ఎండమాట మఱువరాదు. రెంటచింతల వేసవి ఎట్టిదో నేను మీకు చెప్పనక్కఱలేదు. నూలుమేజోళ్లు రెండుజతలుంచుకొని మధ్యాహ్నము మార్చుట, భోజనవేళ బూట్లు విప్పి నీడలో కాలు ఆఱబెట్టుట, రబ్బరు బూటును తడిపని యున్నంతసేపే తొడుగుట, ఈ మూడు నియమములు పాటించిన ఒఱపులును, ఒడుపుపుండ్లును చాలవఱకు తప్పును. కాగిన రాతిపై నిలుచువారికి అడుగట్ట రబ్బరుదైన మేలు.

మన్నికకు మొదటి సూత్రము, పాతసరకు కొనకుండుట. తేలికయైన పాలీయురెథేను అట్టలు వాడకున్నను, తేమకు లోలోన చివికి, కొన్నియేండ్లకు అరిసెముక్కలవలె రాలిపోవును. కాబట్టి తయారైన నెల, సంవత్సరము చూచి కొనవలెను. అట్ట పైతోలునకు అంటించుటయేగాక కుట్టబడినదో, లేక పోతపోసి కలుపబడినదో వంచి చూడవలెను. తడిసిన బూటును ఎండలోగాని పొయ్యిప్రక్కనగాని పెట్టిన తోలు బిఱుసెక్కి పగులును. లోన పాతకాగితములు క్రుక్కి నీడలో ఆఱనీయవలెను. పైతోలునకు అప్పుడప్పుడు పలుచగా మైనపుపూత వేయవచ్చును. నూనె అడుగట్టకు అంటరాదు. ఉదయము తొడుగుటకుముందు బోర్లించి దులిపిన లోపల తేలున్నను బయటపడును. ముక్కుపై ఒక్కమాఱు పెద్దరాయి పడినచో పైకి చెక్కుచెదరనట్లున్నను ఆ బూటు పని తీఱినట్లే; దానిని మార్చవలెను.

తోలును గూర్చి యొకమాట. మన పల్లెలలో తంగేటిచెక్కతో తోలు పదునుపెట్టు విద్య ప్రాచీనము. 1948లో మద్రాసునందు కేంద్ర చర్మపరిశోధనాలయము స్థాపింపబడినది. తెనాలి సమీపమున యలవర్రులో 1922లో జన్మించిన యలవర్తి నాయుడమ్మగారు దానికి అధ్యక్షులై, తోలుపనిని హీనవృత్తిగా గాక శాస్త్రముగా లోకమునకు చూపిరి.

అయినను మన గ్రామములలో ఒక విపరీతమును పెద్దలందఱు ఎఱుగుదురు. ఊరందఱకు చెప్పులు కుట్టినవాడు ఊరినడివీధిలో తాను చెప్పులు తొడుగరాదు. పెద్దయింటి ముందు వానిని చేతబట్టుకొని పోవలెను. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన రాజ్యాంగము తన 17వ అధికరణముచే అంటరానితనమును రద్దుచేసినది. బ్రహ్మనాయుడు అన్నికులములవారిని ఒక్కచోట కూర్చుండబెట్టి చాపకూడు పెట్టెనని కథలు చెప్పుకొను సీమ మనది. కాలికి జోడు తొడుగుట ఒకరికి గౌరవమును, వేఱొకరికి అపరాధమును కాజాలదు. ఆ భావము ఏమూలనైన మిగిలియున్నచో దానిని తుడిచివేయవలసినవారు పెద్దలే.

కడపట వెలమాట. గనులలో పనిచేయువారికి పాదరక్షలను యజమాని ఉచితముగా ఇయ్యవలెనని 1961నాటి లోహగనుల నిబంధనలు విధించినవి. సున్నపురాతిగనులును వానిలో చేరినవే. పనివాని రక్షణకై చేయు దేనికిని అతనివద్ద రుసుము పుచ్చుకొనరాదని 2020లో పార్లమెంటు చేసిన వృత్తిభద్రతాస్మృతియు చెప్పుచున్నది. కావున బూటువెలను కూలిలో విఱుచుకొను మేస్త్రీని మీరు ప్రశ్నింపవచ్చును. మీ యూరినుండి ముఠా క్వారీకి బయలుదేఱునపుడు కూలిధర యెంత, బయానా యెంత అని అడుగుదురు గదా. కాలికొలతలు తీసికొంటివా అనియు అడుగుడు. పొలముపనికి పిలుచు రైతులు, వర్షకాలము రాకమునుపే తమ కూలివారికి ఒక్కొక్క జత రబ్బరు బూట్లు సమకూర్చుటకు ఏమాత్రము ఖర్చగునో లెక్కచూచుకొనుడు. ఒక్కకాలు పోయినచో ఆ యింటి నాలుగు నోళ్లకు కూడు కఱవగును. ఆ భారము తుదకు ఊరిమీదనే పడును.

వచ్చు అమావాస్యలోపున మీ యూరి రచ్చబండయొద్ద ఈ విషయము నొకసారి చర్చింపగోరుచు సెలవు తీసికొనుచున్నాను.