మనవరాలికి బొంత

ఈ రోజు పాఠం పలక మీద కాదు, గుడ్డ మీద.

మన కేంద్రానికి వచ్చే ఒక పెద్దమ్మ కూతురు కాన్పుకు పుట్టింటికి వచ్చింది. బిడ్డకు ఏదైనా కొందామంటే చేతిలో డబ్బు లేదు. "నా పాత చీర ఉంది గదమ్మా, బొంత కుడతా" అంది పెద్దమ్మ.

బొంతకు పాత నూలు చీరే మంచిది. మెత్తగా ఉంటుంది. తడి పీలుస్తుంది. నైలాన్ చీర పనికిరాదు. చీరను ఉతికి ఎండలో ఆరేయాలి. చిరుగులున్న చోటు వదిలేయాలి. 90 సెంటీమీటర్ల పొడవు, 75 సెంటీమీటర్ల వెడల్పున 4 ముక్కలు కత్తిరించాలి. ఒకదాని మీద ఒకటి ముడతలు లేకుండా పరవాలి. అంచులు లోపలికి మడిచి కుట్టాలి. తర్వాత ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వరసలుగా కుట్టుకుంటూ పోవాలి. చివర సూదులు లెక్కపెట్టుకోండి. ఒక్కటి గుడ్డలో ఉండిపోయినా బిడ్డకు గుచ్చుకుంటుంది.

ఇదివరకు పెద్దమ్మ జానలతో కొలిచేది. ఇప్పుడు టేపు మీది అంకెలు తానే చదివింది.

ఆడపిల్ల పుట్టింది. కొందరు మొహం ముడుచుకున్నారు. పెద్దమ్మ ఏమీ అనలేదు. బొంత మూలన ఎర్రదారంతో 'మా అమ్మాయి' అని కుట్టింది. మొదట మ కింద వత్తు మరిచింది. విప్పి మళ్లీ కుట్టింది. చూడవచ్చిన వియ్యపురాలు "అదేంటి?" అని అడిగింది. పెద్దమ్మ వేలు పెట్టి చదివి వినిపించింది.

ఒక్కమాట గుర్తుంచుకోండి. పుట్టిన బిడ్డ ఒంటి వేడి తొందరగా పోతుంది. వెంటనే తడి తుడిచి, తల్లి ఒంటికి ఆనించి, పైన కప్పాలి. 24 గంటల దాకా నీళ్లు పోయకండి. మొహం మీదికి గుడ్డ రానీయకండి.

మీ ఇంట్లో పాత చీర ఉందా? రేపు తీసుకురండి. మనమే కొలిచి, మనమే రాసుకుందాం.